సరదా సైకిలు, అవసరం సైకిలు: ఎడారి ఊళ్లో ఒక మైలు కథ

మొన్న మా తెలుగువాళ్ల పాట్‌లక్‌లో ఒక మాట వచ్చింది. సిటీ ఇంకో సైకిల్ ట్రెయిల్, అంటే కార్లు రాని సైకిల్ దారి, కట్టిస్తోందని ఎవరో అంటే, మేమంతా గౌరవించే ఒక పెద్దాయన, "అదంతా సరదాగా తిరిగేవాళ్ల కోసమమ్మా. ఆ డబ్బుతో రోడ్ల మీద గుంతలు పూడిస్తే నలుగురికీ పనికొస్తుంది" అన్నారు. పక్కనున్నవాళ్లు తలూపారు. "మీరు కూడా సైకిళ్లు కారుకి కట్టుకొని వెళ్లి తొక్కి వస్తారు కదా, అది వ్యాయామం. దాన్ని రవాణా అంటారా?" అని నన్నే అడిగారు.

ఆ ప్రశ్న న్యాయమైనదే, కాబట్టి నిదానంగా జవాబు రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని మా ఊరు ఆల్బకర్కీలో సరదా సైకిలుకీ అవసరం సైకిలుకీ మధ్య గీత గీయడమే అసలు చిక్కు. ఆ గీత గీశాక ట్రెయిల్ పార్కుల లెక్కలోకి పోతుంది, రోడ్డు కార్ల లెక్కలోకి పోతుంది, రెండింటినీ కలిపే ముక్క ఎవరి లెక్కలోకీ రాదు. దేశంలో చాలా ఊళ్లకు లేనంత మంచి ట్రెయిళ్లు ఇక్కడున్నాయి. వాటిదాకా ఇంటి నుంచి సైకిల్ మీద వెళ్లడానికి మాత్రం గుండె ధైర్యం కావాలి.

నీళ్ల కోసం కట్టిన దారులు

ఏడాది మొత్తం మీద తొమ్మిది అంగుళాల వాన పడే ఊరు ఇది. అలాంటి చోట మంచి సైకిల్ దారులన్నీ నీటి పక్కనే ఉన్నాయి. రియో గ్రాండె ఒడ్డునే సాగే పాసేయో దెల్ బోస్కే ట్రెయిల్ పదహారు మైళ్లు. ఉత్తరాన అలమీడా దగ్గర ఎక్కితే దక్షిణాన సౌత్ వ్యాలీ దాకా ఒక్క రోడ్డు కూడా దాటాల్సిన పని లేదు. పెద్ద రోడ్లన్నీ పైన వంతెనల మీద పోతాయి, మనం కింద నుంచి పోతాం. పదహారు మైళ్లలో ఒక్క సిగ్నల్ దగ్గర కూడా కాలు కింద పెట్టక్కర్లేదంటే అమెరికాలో ఏ ఊరివాళ్లకైనా ఆశ్చర్యమే.

ఇదేదో సైకిళ్ల మీద ప్రేమతో జరగలేదు. వరదలు ఆపడానికి, చవుడు తేలిన పొలాల నుంచి నీరు తీయడానికి, కాలువలు నడపడానికి 1925లో మిడిల్ రియో గ్రాండె కన్జర్వెన్సీ డిస్ట్రిక్ట్ ఏర్పడింది. ఆ తర్వాత నది పొడవునా కరకట్టలు, మురుగు కాలువలు వచ్చాయి. కాలువ చూసుకోవడానికి గట్టు మీద బండి దారి ఉండాలి కదా. మన ట్రెయిల్ ఆ వరసలోనే వచ్చింది. ఇప్పటికీ కాటన్‌వుడ్ చెట్ల మధ్య తుప్పుపట్టిన ఇనుప కడ్డీల కూర్పులు కనిపిస్తాయి. మూడు కడ్డీలను మధ్యలో బిగించి తీగలతో వరసగా కట్టినవి. నది గట్టు తెంచుకోకుండా 1950లలో సైన్యం ఇంజనీర్లు వేసినవి అవి. ఇప్పుడు వాటి మీద తొండలు ఎండ కాచుకుంటాయి.

నార్త్ డైవర్షన్ ఛానెల్ కథా అలాంటిదే. వర్షాకాలంలో సాండియా కొండల మీద ఒక గంట గట్టిగా కురిస్తే ఆ నీరంతా వాగుల్లో పడి ఊరి మీదికి దూకుతుంది. దాన్ని దారి మళ్లించడానికి 1963లో ఒక ప్రత్యేక వరద సంస్థ పెట్టారు, పెద్ద కాంక్రీటు కాలువ తవ్వించారు. వరద ఎర్ర లైటు చూసి ఆగదు కాబట్టి రోడ్లన్నిటికీ వంతెనలు వేయక తప్పలేదు. కాలువ పక్క దారికి కూడా ఆ సౌకర్యం దక్కింది. ఈ రోజు యూనివర్సిటీ విద్యార్థులు ఆ దారినే క్లాసులకు వెళ్తారు, శనివారం పొద్దున నాలాంటివాళ్లం తిరగడానికి వెళ్తాం.

కృష్ణా డెల్టాలో పెరిగినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. మా ఊళ్లో హైస్కూలుకి కాలువ గట్టు మీదే సైకిళ్లు తొక్కేవాళ్లం. పాల క్యాన్లు కట్టుకున్నవాళ్లూ ఆ గట్టు మీదే వెళ్లేవాళ్లు, సాయంత్రం లాకుల దాకా ఊరికే వెళ్లొచ్చేవాళ్లూ ఆ గట్టు మీదే వెళ్లేవాళ్లు. నువ్వు పని మీద వెళ్తున్నావా, షికారుకి వెళ్తున్నావా అని ఎవరూ అడగలేదు. ఇక్కడి గట్టు మీద కూడా ఆ ప్రశ్న ఎందుకు పుట్టాలన్నదే నా వాదన.

ఆ ఒక్క మైలు

మా ఇల్లు ఊరికి ఈశాన్యంలో, కొండల వైపు ఎత్తులో ఉంటుంది. ట్రెయిల్ ఎక్కే చోటు దగ్గర్లోనే ఉంది, మధ్యలో ఒక ఆరు వరుసల రోడ్డు. ఈ ఊరి రోడ్ల గురించి తెలిసినవాళ్లకు ఇంత చెబితే చాలు. మైలుకో పెద్ద రోడ్డు, గళ్ల నోటుబుక్కు కాగితంలా తిన్నగా. స్పీడు బోర్డు నలభై అంటుంది, కార్లు యాభైలో వెళ్తాయి.

ఆ రోడ్డు మీద సైకిల్ లేన్ ఉంది. ఒక తెల్ల గీత, సైకిల్ బొమ్మ. కూడలి ఇంకా కొంత దూరం ఉండగానే గీత చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. కుడివైపు తిరిగే కార్ల వరుస మన కుడి పక్కన మొదలవుతుంది, మనం రెండు కార్ల వరుసల మధ్యలో మిగులుతాం. నా వెనక మా పదేళ్ల పాప. కుడివైపు తిరగాలనుకున్న పికప్ ట్రక్కు మా ఎడమ నుంచి మా ముందుగా కోసుకుంటూ కుడికి రావాలి. ఆ డ్రైవర్ ఎడమవైపు వచ్చే కార్లను చూస్తూ ఉంటాడు, పాప హెల్మెట్ అతని కిటికీ కంటే కిందే ఉంటుంది. సిగ్నల్ పచ్చబడ్డాక పాప పెడల్ మీద కాలు పెట్టి, తూలి, కుదురుకొని, ఆరు వరుసలు దాటేలోపు అవతలి గుర్తు అంకెలు లెక్కపెట్టడం మొదలెడుతుంది. పాపకి టెన్షన్, నాకు అంతకంటే టెన్షన్.

అందుకే సైకిళ్లు కారుకి కట్టుకొని వెళ్తాం. మేమొక్కరమే కాదు. సెలవు రోజు పొద్దున అలమీడా దగ్గర పార్కింగ్ చూడండి, వరసగా కార్లు, వెనక సైకిల్ ర్యాకులు. పెద్దాయన చెప్పింది దీని గురించే. ఆయన ఆ దృశ్యం చూసి "వీళ్లు సరదావాళ్లు" అన్నారు. నేను అదే దృశ్యం చూసి, ఇంతమందికి ఇంటి నుంచి ఇక్కడిదాకా దారి లేదు అంటాను. ట్రెయిల్ మీద ఎంతమంది తిరుగుతున్నారో లెక్కపెట్టగలం. రోడ్డుకి భయపడి సైకిల్ బయటికే తీయనివాళ్లు ఏ లెక్కలోకీ రారు.

అలాంటి దారి వేయడం ఈ ఊరికి చేతకాదని కాదు. ఊరి ముఖ్య రోడ్డు సెంట్రల్ అవెన్యూకి ఒక వీధి అవతల సిల్వర్ అవెన్యూని సైకిల్ బులెవార్డుగా, అంటే సైకిళ్లకు ముందు చోటిచ్చే వీధిగా చేశారు. స్పీడు లిమిట్ పద్దెనిమిది మైళ్లు. అవును, పద్దెనిమిదే, బోర్డు మీద ఆ అంకె చూసి మొదటిసారి వచ్చినవాళ్లు ఆగి మళ్లీ చదువుతారు. పాప నా వెనక కాకుండా నా పక్కన తొక్కే వీధి అదొక్కటే. ఐ-40 హైవేని ఆనుకొని నది మీద సైకిళ్లకూ నడిచేవాళ్లకూ విడిగా ఒక వంతెన ఉంది. సైకిల్ దారుల కోసం ఈ ఊళ్లో ఏళ్లపాటు పాటుపడిన గెయిల్ రైబా పేరు దానికి పెట్టారు. పడమటి గట్టున ఉండేవాళ్లకు నది దాటే దారులే తక్కువ. ఆ ఒక్క వంతెన వల్ల ఎంతమందికి ఓల్డ్ టౌన్ దగ్గరైందో అక్కడ ఉండేవాళ్లని అడగండి. ఆ వంతెన మీద వెళ్లేవాళ్లలో ఎవరు సరదాకి, ఎవరు పనికి అని ఏ ఇంజనీరు వేరు చేయగలడు?

ఇప్పుడు డౌన్‌టౌన్ చుట్టూ ఏడెనిమిది మైళ్ల రైల్ ట్రెయిల్ వస్తోంది. దానికి రూపం ఇచ్చింది ఈ ఊరు గర్వంగా చెప్పుకునే ఆర్కిటెక్టు ఆంట్వాన్ ప్రెడాక్. నాకు దాని మీద ఏ కోపమూ లేదు, తెరిచిన రోజు వెళ్తాను. కానీ దాని అందం గురించి జరిగినంత చర్చ, చుట్టుపక్కల పేటల నుంచి దాన్ని చేరే వీధుల గురించి జరగాలి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు ట్రాక్ ఫోటోలు మా తమ్ముడు పంపాడు. ఇరవై మూడు కిలోమీటర్లు, పైన నీడ, ఆ నీడే కరెంటు ఇస్తుంది. చూడముచ్చటగా ఉంది. వాడు ఉండేది కూకట్‌పల్లి. "ఎలా వెళ్తావురా?" అంటే "కార్లో పెట్టుకొని, అక్కా" అన్నాడు. రెండు ఊళ్ల మధ్య భూగోళంలో సగం దూరం ఉంది, ఆ జవాబు మాత్రం ఒక్కటే.

పల్లేరు కాయలు

ఈ ఊళ్లో సైకిల్ తొక్కేవాళ్లను దేనికి భయపడతారని అడిగితే సగం మంది కార్లు అంటారు, మిగతా సగం గోట్‌హెడ్స్ అంటారు. మన పల్లేరు కాయలే అవి, అదే మొక్క. నేల మీద చాపలా పరుచుకుంటుంది, ఐదు రేకుల చిన్న పసుపు పువ్వు పూస్తుంది, కాయ ఎండి ఐదు ముక్కలవుతుంది. ప్రతి ముక్కకీ గట్టి ముళ్లు. ఎలా పడ్డా ఒక ముల్లు పైకే చూస్తుంది. చేలో చెప్పుల్లేకుండా నడిచినవాళ్లకు వర్ణించి చెప్పక్కర్లేదు. దాన్ని తినే ముక్కుపురుగులను 1961లో మన దేశం నుంచీ యూరప్ నుంచీ తెప్పించి అమెరికాలో వదిలారు కూడా. పురుగులు వాటి పని అవి చేస్తున్నాయి గానీ పల్లేరు తగ్గిన సూచన మా వీధిలో లేదు.

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ పల్లేరు ఎక్కడ పెరుగుతుందో చూడండి. ట్రెయిల్ తారు ఆగి గులకరాళ్లు మొదలయ్యే అంచున, తవ్వి వదిలేసిన చోట, సైకిల్ లేన్‌కీ ఫుట్‌పాత్‌కీ మధ్య చీలికలో. అంటే సరిగ్గా ఇంటినీ ట్రెయిల్‌నీ కలిపే దారుల్లో. పెద్ద ట్రెయిల్ మీద నలుగురూ తిరుగుతారు కాబట్టి అంచులు కాస్త చూస్తారు. ఇంటి నుంచి ట్రెయిల్‌కి వెళ్లే లేన్‌లో కార్ల గాలికి కొట్టుకొచ్చిన గాజు పెంకులు, కంకర, పల్లేరు అన్నీ ఒక పక్కకి చేరతాయి, ఆ పక్కే మన లేన్. ముందు చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ చూస్తే తవిటి రంగు కాయలు వరసగా గుచ్చుకొని ఉంటాయి. పీకితే బుస్సుమంటుంది, పీకకపోతే రాత్రికి గాలి పోతుంది. ట్యూబులో పచ్చని జిగురు ద్రవం పోసుకోవడం ఇక్కడ అందరికీ అలవాటే, కానీ ఈ పొడి గాలికి అదీ తొందరగా ఎండిపోతుంది. పిల్లల సైకిలుకి వారంలో రెండోసారి పంక్చరైతే ఆ సైకిల్ గరాజులో గోడకి చేరుతుంది. దారి వేయడం ఒక ఖర్చు అయితే ఊడ్చడం ఇంకో ఖర్చు. రెండోది ఫోటోల్లో పడదు కాబట్టి బడ్జెట్‌లోనూ ఎవరికీ గుర్తుండదు.

ఎండ సంగతి కొద్దిగా చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే అది నిజంగా పెద్ద అడ్డంకి కాదు. జులైలో మధ్యాహ్నం తొక్కలేం, తెల్లవారుజామున చల్లగా హాయిగా ఉంటుంది. చెమట పట్టినట్టే తెలియదు, చొక్కా మీద ఉప్పు చారలు మాత్రం తెలుస్తాయి. కాబట్టి దాహం లేకపోయినా నీళ్లు తాగాలి. మార్చి, ఏప్రిల్‌లో గాలి మాత్రం మొండిది. ఇంకొకటి ఎత్తు. నది దగ్గర ఐదువేల అడుగుల లోపు ఉన్న ఊరు కొండల అంచుకి వచ్చేసరికి ఆరువేలు దాటుతుంది. నదికి వెళ్లేటప్పుడు అంతా దిగుడే, ఇంటికి వచ్చేటప్పుడు అంతా ఎక్కుడే. దీనికి మంచి ఉపాయం సిటీ బస్సు. ముందు భాగంలో సైకిల్ పెట్టుకునే ర్యాక్ ఉంటుంది, 2022 నుంచి టికెట్ కూడా లేదు. దిగేటప్పుడు తొక్కి, ఎక్కేటప్పుడు బస్సులో రావచ్చు. మన తెలుగువాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

నాకున్న సందేహాలు

నా వాదనకి గట్టి ఎదురు వాదన పెద్దాయనది కాదు, ఇంకొకటి. సైకిల్ తప్ప గతి లేనివాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్లు సెంట్రల్ అవెన్యూ మీద, ఆగ్నేయ పేటల్లో, కూర్స్ రోడ్డు మీద రాత్రిపూట లైటు లేకుండా తొక్కుతారు. నడిచేవాళ్లు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయే రేటులో న్యూ మెక్సికో ఏళ్ల తరబడి దేశంలోనే మొదటి స్థానంలో ఉంటూ వచ్చింది. 2019లో మేయర్ విజన్ జీరో అని సంతకం పెట్టారు, రోడ్ల మీద చావులు సున్నాకి తేవాలన్నది ఆ మాట. అలాంటప్పుడు మొదటి డాలరు వాళ్ల రోడ్డు మీద పెట్టాలా, నది ఒడ్డున కొంగలు చూసే నా దారి మీద పెట్టాలా?

ఈ ప్రశ్న నన్ను చాలాకాలం నిలబెట్టింది. దానికి నాకు సగం జవాబు ఇచ్చింది ట్రెయిల్ మీద కలిసిన ఒకతను. వంతెన కింద నీడలో సైకిల్ తిరగేసి ట్యూబు లాగుతున్నాడు. హ్యాండిల్‌కి ప్లాస్టిక్ సంచి, కాళ్లకి వంటగదుల్లో జారకుండా వేసుకునే నల్ల బూట్లు. పంక్చర్, ఇంకేముంటుంది. నా దగ్గరున్న ప్యాచ్ ఇచ్చాను, పంపు పట్టుకున్నాను. ఏదో రెస్టారెంట్లో గిన్నెలు కడిగే పని, మధ్యాహ్నం షిఫ్టు. నేరుగా రోడ్డు మీద వెళ్తే దగ్గరే కదా అన్నాను. ఆ రోడ్డు మీద ఒకసారి అద్దం తగిలి పడిపోయాడట, అప్పటి నుంచి చుట్టు తిరిగైనా ఇటే వస్తున్నాడు. "ఇక్కడైతే పనికి వెళ్లేదాకా బతికే ఉంటాను" అన్నాడు, నవ్వలేదు.

నేను సరదాకి వచ్చిన దారిలోనే అతను బతుకు తెరువుకి వెళ్తున్నాడు. నా వ్యాయామం కోసం కట్టారని పెద్దాయన అనుకునే దారి అతనికి ఊరంతటిలో భద్రమైన ఒకే ఒక్క రోడ్డు. అంటే ట్రెయిల్‌కి కలిపే ప్రతి దాటు, ప్రతి గల్లీ ముందు అతని పేటలో పడాలి, మా పేటలో తర్వాత. ఇది నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. మా వైపు ట్రెయిళ్లు ఇప్పటికే ఎక్కువ, మీటింగులకు వెళ్లి మాట్లాడే తీరికా మా వైపువాళ్లకే ఎక్కువ.

మిగతా సగానికి జవాబు నా దగ్గర లేదు. చీకటి పడ్డాక నేను నది దారిలో ఒంటరిగా వెళ్లను. లైట్లుండవు, వంతెనల కింద ఎవరున్నారో తెలియదు. ఆడవాళ్లం ఎవరమూ దీన్ని తేలిగ్గా తీసుకోం. అతని షిఫ్టు అయ్యేది రాత్రి పదకొండుకి, అప్పుడతను ఏ దారిన వెళ్తాడో అడగలేదు. వానాకాలంలో కింద దారులు బురదతో నిండి మూసుకుపోతాయి. కాబట్టి ట్రెయిల్ ఉంది కదా, రోడ్డు మీద సైకిళ్లెందుకు అనే వాదనకి నేను మద్దతివ్వలేను. నది దారి పగటి దారి. రాత్రికి లైట్లున్న వీధే కావాలి, అందులో కార్లకీ మనకీ మధ్య పెయింటు కాకుండా సిమెంటు దిమ్మ ఉండాలి.

గుంతల సంగతికొస్తే, గుంతలు పూడ్చమని అడగడం నాకూ ఇష్టమే. కారు టైరు గుంతలో పడితే అద్దె చెల్లించినంత ఖర్చవుతుంది, సైకిల్ చక్రం పడితే పళ్లు రాలతాయి. ఆ రెండు కోరికలకీ పోటీ పెట్టక్కర్లేదు. రోడ్డుకి మళ్లీ తారు వేసినప్పుడే గీతలు కొత్తగా గీస్తారు. ఆ రోజు వరుసలు కాస్త సన్నం చేసి సైకిల్ లేన్‌ని వెడల్పు చేస్తే అదనంగా అయ్యేది పెయింటు ఖర్చే. అడగాల్సింది ఆ రోజుకి ముందు.

ఏం అడగాలి

పెద్ద రోడ్డు దాటడానికి హాక్ సిగ్నల్ అని ఒకటుంది. మీట నొక్కితే కార్లకి ముందు పసుపు, తర్వాత ఎర్ర లైట్లు వస్తాయి. ఎవరూ నొక్కకపోతే ఆరిపోయి ఉంటుంది, కార్లను ఊరికే ఆపదు. దీన్ని 1990ల చివర్లో తయారుచేసింది టూసాన్, అదీ మనలాంటి ఎడారి ఊరే, అలాగే వెడల్పు రోడ్ల ఊరే. ఆల్బకర్కీలో కూడా కొన్ని చోట్ల పెట్టారు. ట్రెయిల్ ఎక్కే చోటుకి ముందున్న ప్రతి ఆరు వరుసల రోడ్డుకీ ఒకటి కావాలని మా నైబర్‌హుడ్ అసోసియేషన్ మీటింగులో అడగబోతున్నాను. సమయం పెద్దవాళ్ల నడకకి కాకుండా, మధ్యలో తూలి ఆగే పిల్లల సైకిలుకి సరిపోయేలా పెట్టమని కూడా.

ఈ ఊళ్లో ఉండే తెలుగువాళ్లకి ఒక మాట. మీటింగులకు రావడం కుదరకపోతే సిటీకి ఫిర్యాదులు చెప్పే నంబరు 311కి ఫోన్ చేయొచ్చు, యాప్‌లోనూ పెట్టొచ్చు. సైకిల్ లేన్‌లో గాజు పెంకులు, పల్లేరు, ఇసుక మేట కనిపిస్తే ఫోటో తీయండి. రోడ్డు పేరుతో పాటు దగ్గరున్న అడ్డ వీధి పేరు, ఏ వైపు లేనో కూడా రాయండి. "మా వీధి బాగాలేదు" అని రాస్తే ఎక్కడికి రావాలో ఊడ్చేవాళ్లకి తెలియదు. పల్లేరైతే పువ్వు పసుపుగా ఉన్నప్పుడే, అంటే కాయ గట్టిపడకముందే చెప్పాలి. జూన్ చివర నుంచి చూస్తూ ఉండండి.